నేరం మిరపకాయది కాదు... ఉప్పుది!

'ఉప్పూకారం తింటున్నాం... ఆమాత్రం కోపం రాదా?'

పల్నాడులో ఎవరినైనా ఓ మాటంటే తిరిగొచ్చే జవాబు ఇది. బాలచంద్రుడు తిరిగిన నేల మరి! పౌరుషం గురించి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఆ పౌరుషానికి ఈమధ్య కొత్త పేరొకటి వచ్చింది... బీపీ. 'నాకు బీపీ తెప్పించకు', 'మా ఆయనకు బీపీ ఎక్కువ, కదిలించకండి'... నరసరావుపేట బస్టాండులోనైనా, మాచర్ల బజారులోనైనా ఈ మాటలు చెవిన పడుతూనే ఉంటాయి.

వినడానికి సరదాగానే ఉంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. బీపీ అంటే కోపం అనుకున్నాక, కోపం రానివాళ్లకు బీపీ ఉండదనుకోవడానికి ఎంతసేపు? ఎవర్నీ పల్లెత్తు మాటనని అమ్మమ్మకి బీపీ చూపించాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు. తీరా ఓ రోజు తెల్లారేసరికి మూతి వంకరపోయి, మాట తడబడి, ఓ పక్క చెయ్యీ కాలూ పడిపోతాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొట్టమొదట అడిగేది 'బీపీ మందులు వాడుతున్నారా?' అని. వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఆవిడకు బీపీ ఉన్న సంగతే వాళ్లకు తెలియదు!

చప్పుడు చేయని జబ్బు

కోపం వస్తే రక్తపోటు పెరిగే మాట నిజమే. మెట్లెక్కినా పెరుగుతుంది, పరుగెత్తినా పెరుగుతుంది. కాసేపటికి మళ్లీ తగ్గిపోతుంది. అది జబ్బు కాదు. హాయిగా కూర్చున్నప్పుడు కూడా తగ్గకుండా, రోజుల తరబడి ఎక్కువగానే ఉండిపోతే దాన్ని అధిక రక్తపోటు అంటారు. ఇది శాంతమూర్తికీ వస్తుంది, సన్నగా పీలగా ఉన్నవాళ్లకీ వస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడంలాంటివి చెప్పి మరీ వస్తుందనుకుంటే పొరపాటే. చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో సుమారు 29 శాతం మందికి, ఆడవాళ్లలో 25 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. అంటే నలుగురున్న ఇంటికి ఒకరన్నమాట.

'బీపీ, షుగరు... ఇవన్నీ పట్నం జబ్బులు. పొలం పనిచేసే మనకెందుకొస్తాయి?' అనుకునేవాళ్లకు మరో లెక్క. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది కాలంలో చనిపోయినవాళ్లు ఏ కారణంతో పోయారో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి ఆరా తీశారు. మొత్తం 1354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే జరిగాయి. అంటువ్యాధులతో పోయినవాళ్లు 12 శాతమే. పక్షవాతం, గుండెపోటు పల్లెగడప తొక్కి పాతికేళ్లవుతోందన్నమాట.

మోటారూ... డ్రిప్పు పైపూ

మిరపతోటకు డ్రిప్పు వేసిన రైతుకి రక్తపోటు సంగతి ఇట్టే అర్థమవుతుంది. మోటారు నీళ్లు తోస్తుంది. పైపుల్లో ఒత్తిడి ఉంటేనే చివరి మొక్కదాకా నీరందుతుంది. అదే ఒత్తిడి హద్దు దాటితే? ముందు జాయింట్లు లీకవుతాయి, తరవాత ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పైపు పగులుతుంది. ఇదంతా భరించలేక చివరకు మోటారూ కాలిపోతుంది.

మన ఒంట్లో మోటారు గుండె. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటూ, నిమిషానికి ఐదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు నాళాల గోడలమీద పడే ఒత్తిడి పై అంకె. రెండు దెబ్బల మధ్య గుండె వదులైనప్పుడు ఉండే ఒత్తిడి కింది అంకె. 120/80 లోపు ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90, అంతకుమించి ఉంటే అధిక రక్తపోటే. రెండింటిలో ఏ ఒక్క అంకె ఎక్కువున్నా లెక్కలోకి వస్తుంది. అమెరికా వైద్య సంఘాలు 2017లో ఈ హద్దును 130/80కి దించాయి. మన దగ్గర ప్రభుత్వ వైద్యంలో 140/90నే లెక్క.

ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నాళాలు గట్టిపడతాయి. మెదడులో నాళం పూడుకున్నా, చిట్లినా పక్షవాతం. గుండె నాళం పూడుకుంటే గుండెపోటు. వడపోత సన్నగిల్లితే మూత్రపిండాల వైఫల్యం. కంటి వెనక నాళాలు దెబ్బతింటే చూపు పోతుంది. వీటిలో ఏదొచ్చినా మంచాన పడేది ఒక్కరే కావచ్చు... కానీ ఆ ఏడాది కౌలు, పిల్లల చదువు, ఇంటిల్లిపాది కూలి అన్నీ ఆ మంచం చుట్టూ ఆగిపోతాయి.

కారమా... ఉప్పా?

పల్నాడు మిరపకు ఎంత పేరో చెప్పనక్కర్లేదు. అందుకే బీపీ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు 'కారం తగ్గించు' అంటారు. పాపం, మిరపకాయ చేసిన నేరమేమీ లేదు! కడుపులో మంట పెడుతుందేమోగానీ కారంవల్ల రక్తపోటు జబ్బు రాదు. చిక్కల్లా ఆ కారానికి తోడొచ్చే ఉప్పుతోనే. కొరివికారం, ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు... ఏది నిలవుండాలన్నా ఉప్పు దండిగా పడాల్సిందే.

ఉప్పు ఎక్కువైతే ఏమవుతుంది? ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. నాళాల్లో పారే ద్రవం పెరుగుతుంది. పైపు అదే, నీళ్లు ఎక్కువ... ఒత్తిడి పెరగక ఏం చేస్తుంది? కొన్నాళ్లకు నాళాల గోడలూ బిగుసుకుంటాయి.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. 2014లో మన రాష్ట్రంలో కొందరి 24 గంటల మూత్రాన్ని పరీక్షించి చూస్తే, సగటున రోజుకు సుమారు 9.5 గ్రాములు తింటున్నట్టు తేలింది. దాదాపు రెట్టింపు!

మరోపక్క ఒంట్లో సోడియం దూకుడుకు కళ్లెం వేసేది పొటాషియం. అది పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు, చిరుధాన్యాల్లో ఉంటుంది. ఒకప్పుడు పల్నాడంటే జొన్నలు, సజ్జలే. ఈ జొన్నకూడు తినలేక శ్రీనాథ మహాకవి విసుక్కున్నాడని చాటుపద్యాలు చెబుతాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లొదిలాక వరి వచ్చింది, పళ్లెంలోకి తెల్లన్నం వచ్చింది. పాలిష్ పట్టిన బియ్యంలో పీచూ తక్కువే, పొటాషియమూ తక్కువే. మహాకవి వద్దన్న జొన్నను ఇప్పుడు డాక్టర్లు తినమంటున్నారు!

కిలో ప్యాకెట్టు లెక్క

మీ ఇంట్లో ఎంత ఉప్పు తింటున్నారో తెలుసుకోవడానికి పరీక్షలేం అక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్టు తెరిచిన రోజు దానిమీద తేదీ రాసిపెట్టండి. మనిషికి 5 గ్రాముల చొప్పున నలుగురికి రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. నెలలోపే అయిపోతోందా? చేయి ఎక్కువ పడుతున్నట్టే. పచ్చళ్లలో, బయట కొన్న మిక్చరు, బిస్కెట్లు, నూడుల్సులో ఉండే ఉప్పు దీనికి అదనం.

పాశ్చాత్య దేశాల్లో ఒంట్లోకి వెళ్లే ఉప్పులో చాలామటుకు ఫ్యాక్టరీలో తయారైన తిండి నుంచే వస్తుంది. వాళ్లు తగ్గించాలంటే కంపెనీలు దయతలచాలి. మన దగ్గర ఎక్కువ భాగం ఇంటి వంటగదిలోనే పడుతోంది. అంటే తాళంచెవి మన చేతిలోనే ఉంది.

* కూరలో, పప్పులో ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తగ్గించండి. నాలుగు వారాలు గడిచేసరికి నాలుక అలవాటు పడుతుంది. పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది.

* మజ్జిగలో, పెరుగన్నంలో, అన్నం వండేటప్పుడు ఉప్పు వేయడం మానేయండి. ఉప్పు గిన్నెను భోజనాల దగ్గర పెట్టొద్దు.

* రుచికి నిమ్మరసం, మామిడికాయ, జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర... ఎండుకారం కూడా వాడుకోవచ్చు!

* పచ్చడి మొదటి ముద్దకు పరిమితం. అదీ రోజుకు ఒక్కపూటే. ఒక పూట పచ్చడి ఉంటే ఆ పూట అప్పడం, ఊరమిరపకాయ వద్దు.

* సైంధవ లవణం, రాళ్ల ఉప్పు మంచివన్న ప్రచారం నమ్మకండి. అవీ ప్రధానంగా సోడియం క్లోరైడే.

ఇక్కడ ఇంకో సంగతి. చాలా ఇళ్లలో అందరికీ కూర వడ్డించాక గిన్నె అడుగున ఏమీ మిగలదు. ఇల్లాలు పచ్చడి మెతుకులతో కానిచ్చేస్తుంది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఉప్పు తినేదీ, అందరికన్నా తక్కువ కూరగాయలు తినేదీ ఆవిడే. బీపీ చూపించుకోవడంలో ఆఖరి వంతు కూడా ఆవిడదే! కూర ముందు ఆమె వాటా తీశాకే వడ్డించడం కూడా రక్తపోటుకు మందే.

పొటాషియం కలిపిన ఉప్పు

మామూలు ఉప్పులో పావువంతు తీసేసి, దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలిపితే? చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమందికి ఐదేళ్లపాటు ఇది పరీక్షించి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఈ ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పును సిఫార్సు చేసింది. మన దుకాణాల్లోనూ 'తక్కువ సోడియం' ఉప్పు దొరుకుతోంది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకూ, కొన్నిరకాల బీపీ మందులు వాడేవాళ్లకూ ఇది ప్రమాదం. వాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

సెలైన్ సీసాలో ఏముంది?

పల్లెల్లో నీరసమంటే చాలు, 'ఓ సెలైన్ పెట్టించుకుంటే సరి' అంటారు. సెలైన్ అంటే నూటికి 0.9 వంతు ఉప్పు కలిపిన నీళ్లు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. దాదాపు ఒక రోజు కోటా నేరుగా రక్తంలోకే! వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవాళ్లకు అది ప్రాణదాత. వట్టి నీరసానికి అనవసరం. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లకు హాని కూడా.

కళ్లు తిరగ్గానే 'లోబీపీ' అనేసుకుని ఉప్పు కలిపిన నీళ్లు తాగడమూ ఇలాంటిదే. కొలవకుండా అది లోనో హైనో ఎవరికి తెలుసు?

మూడోది నొప్పి మాత్రలు. మిరపకోతల కాలంలో రోజంతా వంగి కాయలు కోసినవాళ్లకు నడుం పట్టేయడం సహజం. రాత్రికో మాత్ర, పొద్దునకో మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి మింగితే రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. బీపీ మాత్రల పనినీ ఇవి తగ్గించేస్తాయి. తప్పనిసరైతే ఏ మాత్ర వాడాలో డాక్టర్ని అడగండి. బీపీ ఉన్న సంగతి ముందే చెప్పండి.

కొలవడానికీ ఓ పద్ధతుంది

బస్సు దిగి గబగబా వచ్చి కూర్చుని చెయ్యి చాపితే వచ్చే అంకె నిజం చెప్పదు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, బీడీ, చుట్ట వద్దు. మూత్రవిసర్జన చేసి రావాలి. ఐదు నిమిషాలు స్థిమితంగా, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనేలా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. పట్టీ చొక్కామీద కాదు, ఒంటిమీదే కట్టాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి కూడా చూడాలి.

కొందరికి డాక్టర్ని చూస్తేనే బీపీ పెరుగుతుంది. ఇలాంటివాళ్లు ఇంట్లో కొలుచుకుని రాసుకోవడం మంచిది. ఇంట్లో అయితే 135/85 దాటితే ఎక్కువకిందే లెక్క. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతివాళ్లూ ఏడాదికొకసారైనా చూపించుకోవాలి. అమ్మానాన్నలకు బీపీ ఉంటే ఇంకా ముందు నుంచే. గర్భిణులకైతే ప్రతి పరీక్షలోనూ చూడాలి. ఐదో నెల దాటాక బీపీ పెరిగితే గుర్రపువాతానికి దారితీసి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కావచ్చు.

దీనికి పట్నం పోనక్కర్లేదు. 2000ల చివర్లో 104 బండ్లు ఊళ్లకు వచ్చి బీపీ, షుగరు మందులివ్వడం మొదలైంది. డాక్టరే ఊరికొచ్చి చూడాలన్న ఉద్దేశంతో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని రాష్ట్రం 2023 ఏప్రిల్ 6న ప్రారంభించింది కూడా పల్నాడు జిల్లాలోనే... చిలకలూరిపేట నియోజకవర్గంలోని లింగంగుంట్లలో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ చూడటానికీ, మాత్రలకూ డబ్బు కట్టక్కర్లేదు.

అధ్యక్షుడికి దొరకని మాత్ర

రెండో ప్రపంచయుద్ధం నడిపిన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 1944లో చూసిన బీపీ 186/108. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైనా ఆయనకివ్వడానికి సరైన మందే లేదు. 1945 ఏప్రిల్ 12న తల పట్టుకుని కూలబడిపోయాడు. అప్పుడు బీపీ 300/190. మెదడులో నాళం చిట్లి అదే రోజు చనిపోయాడు.

ఆ తరవాత నాలుగేళ్లకు, 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధ వేరుతో రక్తపోటు తగ్గుతుందని తన రోగుల అనుభవంతో బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. ప్రపంచం ఇటు తిరిగి చూసింది. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్ తొలితరం బీపీ మందుల్లో ఒకటయ్యింది. ఇప్పుడు అంతకంటే మేలైన, చౌకైన మందులెన్నో ఉన్నాయి. ఆనాడు అధ్యక్షుడికి దొరకనిది ఇవాళ గురజాలలో కూలికెళ్లే మనిషికి ఉచితంగా దొరుకుతోంది. వాడకపోవడమే విషాదం.

మానేస్తే ఏమవుతుంది?

'మొదలుపెడితే జీవితాంతం మింగాలట' అన్న భయంతో కొందరు మాత్ర మొదలే పెట్టరు. ఇంకొందరు రెండు నెలలు వాడి, బీపీ 130కి రాగానే 'తగ్గిపోయిందిగా' అని మానేస్తారు. డ్రిప్పుకి వాల్వు పెడితే ఒత్తిడి తగ్గింది. వాల్వు తీసేస్తే? తగ్గింది మాత్రవల్లే. మానేస్తే మళ్లీ పెరుగుతుంది, కొన్ని రకాలను హఠాత్తుగా ఆపితే ఒక్కసారిగా ఎగబాకుతుంది. బరువు, ఉప్పు తగ్గి, బీపీ బాగా అదుపులో ఉంటే మోతాదు తగ్గించాలో లేదో డాక్టరే నిర్ణయిస్తారు.

శ్రమకు తగ్గ ఫలం ఉందా? ఉంది. పై అంకె 10 తగ్గితే పక్షవాతం ముప్పు నాలుగోవంతుకు పైగా తగ్గుతుందని 2016లో ఎన్నో పరిశోధనలను కలిపి చూసి లెక్క తేల్చారు. 2017 నవంబరులో దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమానికి తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడ పాటించిన సూత్రాలు చాలా చిన్నవి. అందరికీ ఒకే తరహా మందుల వరస, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం, రానివాళ్లకు కబురు పెట్టడం. ఇంట్లోనూ అంతే. తాతయ్య మాత్ర వేసుకున్నాడా లేదా అని కబురు కనుక్కునే మనవడొకడుంటే చాలు.

మాత్రతోపాటు చేయాల్సినవీ ఉన్నాయి. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చురుగ్గా నడవాలి. పొలం పనులు తగ్గి బండిమీద తిరిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎక్కువ బరువున్నవాళ్లు కిలో తగ్గితే పై అంకె సుమారు ఒకటి తగ్గుతుంది. మద్యం మానాలి. బీడీ, చుట్ట, ఖైనీ నాళాలకు నేరుగా శత్రువులు. గట్టిగా గురక పెడుతూ, పగలు కునికిపాట్లు పడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

రెంటచింతల ఎండల్లో

రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన ఊరు రెంటచింతల. వేసవిలో ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోవచ్చు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మందులు వాడేవాళ్లు లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే డాక్టర్ని కలవాలి. సొంతంగా మాత్ర మానేయడం, ఉప్పు పెంచడం రెండూ తప్పే. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, ఉప్పు వేయని మజ్జిగ తాగుతుండాలి.

మూతి వంకరపోతే...

ఇంత జాగ్రత్తలోనూ ఎవరికైనా హఠాత్తుగా మూతి ఓ పక్కకు వంగినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతమే అనుకోండి. మంత్రం, పసరు, 'తెల్లారాక చూద్దాం' అన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. నాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైనే. ప్రతి నిమిషమూ లెక్కే. లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. నోట్లో నీళ్లు, మాత్రలు వేయొద్దు.

అంతదాకా రాకుండా చూసుకోవడం అంతకన్నా తేలిక. ఈ వారంలోనే ఇంట్లో ముప్ఫై దాటిన అందరి బీపీ చూపించండి. వచ్చిన అంకెల్ని వంటగది క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే రాసిపెట్టండి. అమ్మ అంకె మాత్రం మర్చిపోకండి.